తొమ్మిది అంకణాల కప్పు

మా నాన్న దాలయ్య మావ మీద కోపంతోనే పోయారు. ఆ కోపంలో న్యాయం లేదని నాకు మొదటినుంచీ తెలుసు. నాన్న మంచాన పడ్డాక ఆయన పక్కన చాలా రోజులు కూర్చున్నాను. మందులు వేశాను, కాళ్లు పట్టాను, ఊళ్లో ఎవరి జీడితోట ఎలా కాసిందో అన్నీ చెప్పాను. ఆ ఒక్క మాటే చెప్పలేదు. మా ఇంటి కప్పు ఒక్కరోజులో విప్పేసి వానకి వదిలేసినది దాలయ్య మావ తొందర కాదు, నా అబద్ధం. ఇది చెప్పడానికి ముప్పై ఏళ్లలో వీలు దొరకలేదని అంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. వీలు రోజూ దొరికింది.

దాలయ్య మావ మాకు చుట్టం కాదు. పెంకుటిళ్లు నేసే పనివాడు. చిన్నప్పుడు ఒకే తోటలో జీడిపిక్కలు ఏరుకుంటూ నాన్నా ఆయనా బావా అంటే బావా అనుకున్నారట, ఆ వరస అలాగే ఉండిపోయింది. అందువల్ల ఆయన నాకు మావ అయ్యాడు, నేను ఆయనకి అల్లుణ్ని అయ్యాను. మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానం ఇసకలో ఉంది. అక్కడ ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని వీధి నుంచి పెరటి దాకా రైలుపెట్టెల్లా సాగి ఉంటాయి. మాది తొమ్మిది అంకణాల ఇల్లు. దూలానికీ దూలానికీ మధ్య జాగా ఒక అంకణం. వీధి అరుగు మీద నిలబడి చూస్తే నడవ చివర పెరట్లో అమ్మ ఉతికి ఆరేసిన చీర చిన్న జేబురుమాలులా కనిపించేది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్నటి తుపాను. నేను పలాసలోనే స్థిరపడ్డాను. ఊళ్లో ఇంటిని జీడిపిక్కల బస్తాలకీ కొబ్బరికాయలకీ వాడుకుంటున్నాం. తుపానుకి పెరటి కొబ్బరిచెట్టు వెనక మూడు అంకణాల మీద పడింది. పెంకు మళ్లీ నేయిద్దామంటే నేసేవాళ్లు లేరు, పెంకులు కాల్చే బట్టీలూ లేవు. ఇంటి మొత్తానికీ రేకులే వేయిద్దామని పలాసలో ఒక కుర్ర కాంట్రాక్టరుని పిలిచాను. మెడ పైకెత్తి ఓసారి చూశాడు. "మూడ్రోజులు సార్. శనివారానికి తాళం మీ చేతిలో పెట్టేస్తాను" అన్నాడు. పద్దెనిమిది రోజులు పట్టింది. ఉద్దానమంతా ఒకేసారి కప్పులు పోగొట్టుకుంది కాబట్టి కావలసిన పొడుగు రేకులు బజారులో లేవు. రేకులు వచ్చేసరికి వెల్డింగు కుర్రాడికి జ్వరం. వాడు లేచేసరికి కరెంటు లేదు. కరెంటు వచ్చిన రోజు వాన. అన్నీ కుదిరి పెంకు దింపితే లోపల రెండు దూలాలు చెద తినేసి ఉన్నాయి. కుర్రాడు రోజూ ఫోన్ చేసి ఆ రోజు కారణం చెప్పేవాడు. అన్నీ నిజాలే కాబట్టి నాకు కోపం రాలేదు. పైగా ప్రతి కారణమూ ఎక్కడో విన్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం వాడే దూలం మీదనుంచి కేకేశాడు. "సార్, ఇక్కడ ఏవో గీతలున్నాయి. ఎవరివి?" నిచ్చెన ఎక్కి చూశాను. మూడో అంకణం దూలం మీద, పెంకు చాటున, మేకుతో గీసిన నిలువు గీతలు. ఒక వరసకి తొమ్మిది. దాని కింద ఇంకో తొమ్మిది. అలా ఎన్నో వరసలు, ఏడాదికొకటి. ఆఖరి వరసలో మూడే ఉన్నాయి. ఆ తర్వాత దూలం ఖాళీ. "దేని లెక్క సార్?" అని అడిగాడు. రోజుల లెక్క అన్నాను. ఆ మూడు గీతల తర్వాత ఏం జరిగిందో చెప్పగలిగినవాణ్ని ఊరంతా వెతికినా నేనొక్కణ్నే ఉన్నాను. నిచ్చెన దిగి ఇంటికి బయల్దేరాను.

జీడిపిక్క ఏరడం అయిపోయి, ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసి, మృగశిర ఇంకా రాకుండా మిగిలే ఆ కాసిన్ని రోజులు దాలయ్య మావవి. మాసిన గళ్ల తువ్వాలు, మొలకి వేలాడే సుత్తి, భుజాన కొబ్బరితాడు చుట్ట. వచ్చీరాగానే కప్పెక్కేవాడు కాదు. మొదటి పూట ఇంట్లోనే గడిపేవాడు. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూయించేవాడు. చీకట్లో పెంకు సందుల్లోంచి ఎండ దిగి నేలమీద చుక్కలు చుక్కలుగా పడేది. ఎండ దిగిన చోటే వాన దిగుతుందని, ఆ చుక్కల మీద అమ్మ చేత గబగబా ముగ్గు వేయించేవాడు. "బేగి ఎట్టు అప్పా, సూరీడు జరిగిపోతన్నాడు" అని అక్క వరసైన అమ్మని తొందరపెట్టేవాడు. సంవత్సరం మొత్తం మీద ఆయన నోట బేగి అన్న మాట వచ్చేది అప్పుడొక్కసారే. తలుపులు తీశాక ఇల్లంతా తెల్లటి మశూచి పోసినట్టు ఉండేది. దాలయ్య మావ నడుం మీద చేతులు పెట్టుకుని చుక్కల మధ్య అడుగులు ఏరుకుని వేస్తూ పెరటి దాకా వెళ్లి వచ్చేవాడు. అప్పుడు నాన్న అరుగు మీదనుంచి అడిగేవారు.

"ఎన్నాల్లు పడతాది బావా?"

"తొమ్మిది అంకణాలు, తొమ్మిది రోజులు."

"నిరుడూ అదే సెప్పినావు, ఏటి కొత్త?"

"నిరుడు నీ ఇల్లు పదంకణాలేటి?"

ఏటా ఇదే మాట, ఏటా ఇద్దరూ నవ్వేవారు. అంకణానికి రోజు అన్నది ఆయన వృత్తిలో కట్టుబాటు. పొద్దున్న ఒక అంకణం పెంకు దింపాలి. దుమ్ము దులిపి, పగిలినవి ఏరేసి, కుళ్లిన వెదురు బద్దలు మార్చి, కొత్త తాడు కట్టి, చూరు నుంచి కొప్పు దాకా ఒక వరస వెల్లకిలా, ఒక వరస బోర్లా పేర్చుకుంటూ పొద్దువాలేలోగా మూసేయాలి. మూసిన తర్వాతే దిగాలి, దూలం మీద ఒక గీత గీసి. రెండో అంకణం ముట్టుకోడానికి ఆరోజు ఎంత వెలుగున్నా ఒప్పుకునేవాడు కాదు. ఆలస్యాలు ఆయనకీ ఉండేవి. ఊళ్లో ఎవరైనా పోతే శవం లేచేదాకా సుత్తి మోగించేవాడు కాదు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి తల ఊడిపోతే సగం పూట వాటితోనే పోయేది. ఈదురుగాలి వీస్తే పెంకు చేతికి నిలవదని, తగ్గేదాకా దిగి కూర్చునేవాడు. అవన్నీ ముందే తొమ్మిదిలో కలిపి చెప్పేవాడేమో, తొమ్మిదంటే తొమ్మిదే అయ్యేది.

ఆ రోజుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఏడాదిపాటు పెంకు కింద నిలిచిన పొయ్యి మసి, ఎలుక పెంటికలు, ఎండిన పిచ్చికగూళ్లు, కొత్త తాడు పచ్చి వాసన, వీటన్నిటి మీదా ఆవపిండి ఘాటు. అమ్మ రోజుకొక అంకణంలోని సామానంతా పక్క అంకణంలోకి జరిపేది. ఉయ్యాలబల్ల, పప్పుల డబ్బాలు, అటక మీది విత్తనాల ధాన్యం బస్తాలు. ఇల్లు తన్ను తానే మోసుకుంటూ తొమ్మిది రోజులు నడిచేది. నాన్న తోటకి వెళ్లేముందు వీధి మొగలో నిలబడి గాలి ఎటునుంచి వీస్తోందో చూసి ఈవేళ వాన లేదు బావా అనేవారు. వాన సంగతిలో నాన్న మాట తప్పేది కాదని ఊరంతటికీ నమ్మకం. అందరికన్నా ఎక్కువ నమ్మినవాడు దాలయ్య మావ.

నాకు ఇరవై రెండేళ్లు నిండిన ఏడు, పని మొదలైన వారంలోనే జలంత్రకోట నుంచి పెళ్లివారు మా ఇల్లు చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు. శుక్రవారం వస్తారట. ఆ అమ్మాయిని నేను అప్పటికే టెక్కలి కాలేజీ బస్సులో చూసి ఉన్నాను. చూసి ఊరుకోలేకపోయాను అనడం సరిగా ఉంటుంది. వాళ్లది డాబా ఇల్లని విన్నాను. మంగళవారం సాయంత్రానికి మూడు అంకణాలు పూర్తయ్యాయి. ఆరు మిగిలాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే వాళ్లు వచ్చేనాటికి ఇంటి నడిమధ్య కప్పు ఊడి, నడవలో బస్తాలూ, నెత్తిమీద దాలయ్య మావ కాళ్లూ. ఆ రాత్రంతా ఆ కాళ్లే నా కళ్ల ముందు ఆడాయి.

బుధవారం పొద్దున్న నాన్న కొబ్బరి పని మీద టెక్కలి వెళ్లారు. వెళ్తూ నాతో అన్నది ఒకటే, "దాలయ్యకి అడ్డం రాకు." బస్సు కదిలిన చప్పుడు వినబడగానే నేను నిచ్చెన కిందికి వెళ్లాను.

"మావా, నాన్న ఆరంకణాలూ ఒకేసారి ఇప్పీమన్నారు. ఇంకో ఇద్దర్ని పెట్టుకోమన్నారు. శుక్రవారానికి అయిపోవాలంట."

ఆయన సుత్తి ఆపాడు. "బావ సెప్పినాడా?"

"చెప్పారు."

"బావే సెప్పినాడా?"

నన్నెప్పుడూ ఏదీ రెండుసార్లు అడగని మనిషి. "నాన్నే చెప్పారు" అన్నాను. ఆయన మహేంద్రగిరి వైపు తిరిగి చాలాసేపు చూశాడు. అక్కడ ఒక్క మబ్బు లేదు.

"నాకైతే మనసొప్పట్నేదు అల్లుడా. గాని బావ సెప్పినాడంటే గాలి సూసే సెప్పుంతాడు" అని తువ్వాలు బిగించి కట్టాడు.

మిట్టమధ్యాహ్నానికి ముగ్గురు మనుషులు ఆరు అంకణాల పెంకూ దింపేశారు. ఇంట్లోకి అంత ఆకాశం వచ్చేసరికి అమ్మ బిత్తరపోయి నిలబడింది. మీ నాన్న నిజంగానే అన్నారా అని నన్ను అడగలేదు, ఎందుకంటే నేను ఆమె కొడుకుని. మూడు దాటాక కొండల వైపు నుంచి గాలి తిరిగింది. దాలయ్య మావ కప్పు మీదనుంచి "అప్పా, జాడీలు!" అని అరిచిన అరుపు నాకు ఇంకా వినబడుతుంది. వాన చినుకులుగా మొదలవలేదు. బిందె బోర్లించినట్టు కురిసింది. మూసిన మూడు అంకణాల్లోకి ఎన్ని బస్తాలు పడతాయి? వాసెన గుడ్డల్లోంచి నీళ్లు దిగి ఆవకాయ జాడీలు ఎర్రటి చారు అయిపోయాయి. విత్తనాల ధాన్యం నాని ముద్దయింది. తర్వాత నాలుగు రోజులకి ఆ బస్తాల కుట్ల సందుల్లోంచి పచ్చటి మొలకలు వచ్చాయి. ఆ ఏడు మా మడికి విత్తనం పొరుగూరి నుంచి అడిగి తెచ్చుకున్నాం.

సాయంత్రం బస్సు దిగి నాన్న తడిసిపోయి వచ్చారు. అరుగు మీద వానకి ఆగిన ఇరుగుపొరుగు వాళ్లు ఆరేడుగురు ఉన్నారు. దాలయ్య మావ మోకాళ్ల దాకా మసి నీళ్లతో బయటికి వచ్చాడు.

"ఎవుడు ఇప్పీమన్నాడు బావా?" అన్నారు నాన్న.

"ఎవుడేటి? నివ్వే కదా అల్లుడి సేత సెప్పించినావు."

"నానా? నానెప్పుడు సెప్పినాను?" నాన్న నా వైపు తిరిగారు. "నీకు నాను సెప్పినానేట్రా?"

అరుగు మీద అందరూ నన్నే చూస్తున్నారు. నిజం చెప్పడానికి కావలసింది ఒక్క ఊపిరి. నేను వంగి, కాళ్ల దగ్గర పగిలిన పెంకుముక్క తీసి చేత్తో పట్టుకుని, "నాకేం తెలీదు" అన్నాను.

నాన్న నోటమ్మట ఒక్కటే మాట వచ్చింది. "ఇంకో ఊరోల్ల పని ఒప్పీసుకుని బేగి ముగించీసి పోదామనుకున్నావు. పైగా నామీద తోసెత్తన్నావు." దాలయ్య మావ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, సుత్తి మొలకి తగిలించుకుని అరుగు దిగిపోయాడు. తర్వాత నాలుగు రోజులు పొద్దున్నే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆరు అంకణాలూ నేసి వెళ్లిపోయాడు. గీతలు గీయలేదు. మరుసటి ఏడు ఆయన రాలేదు, నాన్న కబురు పంపలేదు. దాలయ్య కప్పు విప్పి వదిలేస్తాడట అన్న మాట వీధి దాటి, ఊరు దాటి పోయింది. రెండు మూడేళ్లలో మా చుట్టుపక్కల ఆయన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. బారువ వైపు వెళ్లిపోయాడని విన్నాం. ఆ తర్వాత మా ఇంటికి ఎవరెవరో పెంకు నేశారు. చీకట్లో నేలమీద ముగ్గు పెట్టించినవాళ్లు ఒక్కరూ లేరు.

శుక్రవారం పెళ్లివారు మాత్రం అన్నమాట ప్రకారం వచ్చారు. సగం కప్పు లేని ఇంట్లో, తడి బస్తాల మధ్య, నీళ్ల కాఫీ తాగారు. నాకు కాబోయే మావగారు తల పైకెత్తి చూసి, "కప్పున్న ఇల్లు ఎవుడైనా సూపిత్తాడు. దూలాలు కనబడ్డాయి, కర్ర మంచిది" అని నవ్వి, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని అడిగారు. వాళ్లకి ఏది కనబడకూడదని నేను అబద్ధమాడానో దాన్ని చూసే వాళ్లు ఒప్పుకున్నారు. దూలం మీద గీతలు కనబడ్డ రోజు ఇంటికి వచ్చి ఇదంతా మా ఆవిడకి చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత నవ్వింది. "మీ పెంకులు సూసి సేసుకున్నాననుకున్నారేటి ఇన్నాళ్లూ?" అంది. కాసేపటికి నవ్వు ఆపి, "ఆ మావ బతికున్నాడేమో కనుక్కోండి" అంది.

బతికే ఉన్నాడు. బారువలో కూతురి ఇంట్లో ఉన్నాడు. ఎండుచేపల వాసన కమ్ముకున్న సందులో, స్లాబు ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తొడ మీద కొబ్బరిపీచు పేనుతున్నాడు. కళ్లకి పొర వచ్చింది. మావా అని పిలిస్తే చేతులు ఆగాయి.

"గొంతు బావది. మడిసి ఎవురు?" అన్నాడు. అని, తనే గుర్తుపట్టాడు. "అల్లుడా! రా, కూకో. ఇంటి కప్పెలగుంది?"

"తీయించేశాను మావా. రేకులు వేశాం."

"రేకులా? ఎండాకాలం పెనం మీద అట్టులాగ ఏగుతావు. ఎన్నాల్లు పట్టినాది?"

"మూడు రోజులన్నాడు, పద్దెనిమిది పట్టింది."

పళ్లు లేని నోటితో హాయిగా నవ్వాడు. "నాను తొమ్మిదంటే తొమ్మిదే. ఒక్కేడు తప్ప" అన్నాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంక దాచడానికి చోటు లేదు. చెప్పేశాను. ఆయన కదలకుండా విన్నాడు. నేను ఆపిన తర్వాత అడిగాడు.

"బావ సెప్పనేదా?"

"లేదు మావా."

"బావ ఒక్క మాటా సెప్పనేదా?"

"లేదు. నీకు అడ్డం రావద్దని చెప్పి వెళ్లారు."

పేనిన తాడు ఆయన ఒళ్లోంచి జారి కింద పడింది. "నాను బావే సెప్పినాడనుకున్నాను" అన్నాడు. "సెప్పి, వానొచ్చీసరికి మాట దాటీసినాడనుకున్నాను. నివ్వు తెల్దన్నావు కదా, తండ్రి పరువు కాసినాడు, మంచి కొడుకే అనుకున్నాను. నిన్నేటీ అనుకోనేదు అల్లుడా. బావనే అనుకున్నాను. బావ పోయినాడని కబురొచ్చినాది. ఎల్లనేదు."

నన్ను తిడతాడని సిద్ధపడి వెళ్లాను. మంచి కొడుకునని ముప్పై ఏళ్లు అనుకున్నాడని వినడానికి సిద్ధపడలేదు. ఆయన కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"ఇక్కడెందుకు? ఇక్కడ నన్నెవురన్నారు? మీ అరుగు మీద కదా అన్నారు. ఆదివారం రా, నన్నక్కడికి తీసుకెల్లు. ఆదివారమైతే జనం ఇల్లల్లో ఉంతారు."

"నీకు ప్రయాణం కష్టం నాయనా" అంది కూతురు.

"ముప్పై ఏల్లు కూకున్నాను, ఒక పూట తిరిగితే ఏటయిపోతాను?" అన్నాడు.

ఆదివారం పొద్దున్న కారులో తీసుకొచ్చాను. దారి పొడుగునా కిటికీ దింపి, తుపానుకి మొదలంటా ఒరిగిన కొబ్బరిచెట్ల వైపు ముఖం పెట్టి గాలి పీలుస్తూ కూర్చున్నాడు. దిగగానే అరుగెక్కలేదు, నా భుజం పట్టుకుని తిన్నగా ఇంట్లోకి నడిచాడు. తలుపులు మూయమన్నాడు. చీకట్లో కొత్త రేకుల కింద నిలబడి నన్ను అడిగాడు. "ఎక్కడైనా సుక్కుందేటి, సూసి సెప్పు." లేదన్నాను. "బాగానే ఏసినాడు కుర్రోడు. పద్దెనిమిదైతే అయినాది" అన్నాడు. మూడో అంకణంలో దూలం దగ్గర ఎత్తుపీట వేసి ఎక్కించి, ఆయన వేలు ఆ గీతల మీద పెట్టాను. వరసలన్నీ తడుముకుంటూ కిందికి వచ్చి, ఆఖరి వరసలో మూడో గీత దగ్గర వేలు ఆపాడు.

బయట అప్పటికే నలుగురు చేరారు. ఆనాడు అరుగు మీద ఉన్నవాళ్లలో మిగిలింది ముగ్గురు, మా పెదనాన్న, పక్కింటి గున్నమ్మ పెద్దమ్మ, ఎదురింటి రైతు ఒకాయన. చుట్టూ వాళ్ల పిల్లలూ మనవలూ.

"ఎవురు, దాలయ్యేనా? బతికే ఉన్నావేటి!" అంది గున్నమ్మ పెద్దమ్మ.

"నిన్ను ముందు పంపకుండా నానెలగెల్తాను?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

నాన్న ఎప్పుడూ కూర్చునే చోట, స్తంభానికి ఆనించి ఆయన్ని కూర్చోబెట్టాను. నేను అరుగు దిగి వీధిలో నిలబడ్డాను. చెప్పవలసినది వారం రోజులు మనసులో రాసుకున్నాను. తీరా నిలబడ్డాక తల దించుకుని ఏదో గొణిగాను. గున్నమ్మ పెద్దమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటన్నాడు? గట్టిగా సెప్పరా, ఏటీ ఇనబడ్నేదు."

దాలయ్య మావ పొరలు కమ్మిన కళ్లతో నా గొంతు వచ్చిన వైపే చూస్తున్నాడు. తలెత్తి, వీధి చివరిదాకా వినబడేలా, రెండోసారి చెప్పాను.

"ఆ రోజు కప్పంతా ఇప్పీమన్నది నాన్న కాదు, దాలయ్య మావా కాదు, నేను. నాన్న చెప్పారని మావతో అబద్ధం ఆడాను. నాన్న అడిగితే తెలీదని ఇంకో అబద్ధం ఆడాను. మావ పనిలో తప్పు లేదు, నాన్న మాటలో తప్పు లేదు. తప్పు నాది. మావా, నీ పని పోగొట్టాను, నీకు మా నాన్నని లేకుండా చేశాను. నన్ను క్షమించు."